నోరు మూసుకుని ఉన్నప్పుడు పై పళ్లు, కింది పళ్లు ఆనుకుని ఉండాలా?

అక్కర్లేదు, ఊరికే ఉన్నప్పుడు పెదవులు మూసి ఉన్నా పళ్ల మధ్య సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. కండరాలు పెద్దగా బిగుసుకోకుండా కింది దవడను మోస్తున్నప్పుడు అది నిలిచే చోటు ఇదే, దీన్నే విశ్రాంతి స్థితి అంటారు. నమిలేటప్పుడు, మింగేటప్పుడు మాత్రం పళ్లు కాసేపు కలిసి విడిపోతాయి.

కట్టుడు పళ్లు చేసేటప్పుడు డెంటిస్టులు ఈ సందును కొలిచి మరీ చూస్తారు. ముక్కు కొన మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెడతారు. దవడ వదులుగా ఉన్నప్పుడు ఒకసారి, పళ్లు కలిపినప్పుడు ఇంకోసారి ఆ చుక్కల మధ్య దూరం కొలుస్తారు. ఆ తేడాయే సందు. అది మిగలకుండా సెట్టు ఎత్తుగా తయారైతే మాట్లాడుతుంటే పళ్లు టకటక కొట్టుకుంటాయి, దవడ నొప్పి పుడుతుంది. మెల్లగా "అమ్మ" అని చూడండి: 'మ్మ' దగ్గర పెదవులు కలుస్తాయి, పళ్లు కలవవు.

పళ్లు బిగించి ఉంచడమే సరైన పద్ధతి అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. టెన్షన్‌లోనో, ఫోన్ చూస్తూనో గంటల తరబడి అలా బిగిస్తే కండరాలు అలిసిపోయి చెంపలు, కణతలు నొప్పెడతాయి, పళ్లు కూడా అరుగుతాయి.