జనవరి రాయి మన బీచ్‌లోనే

ప్రశ్న: నేను జనవరిలో పుట్టాను. షాపులో నా రాయి గార్నెట్ అన్నారు. అమ్మమ్మేమో పగడమే పెట్టుకోమంటోంది. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: రెండూ వేర్వేరు లెక్కలమ్మా. అమ్మమ్మది నవరత్నాల లెక్క. పగడం కుజుడిది, ఇంగ్లీషు నెలతో దానికి పనిలేదు. నెలకో రాయి జాబితాను 1912లో అమెరికా నగల వ్యాపారులు ఖాయం చేశారు. అంతకుముందు బైబిల్లోని ప్రధాన యాజకుడు అహరోను పతకంలో ఉన్న 12 రాళ్లను నెలలకు ముడిపెట్టేవారు. గార్నెట్ అన్న పేరు దానిమ్మకున్న లాటిన్ పేరు నుంచి వచ్చింది; రంగు చూస్తే గింజే గుర్తొస్తుంది.

భీమిలి దారిలో తడి ఇసుక మీద ఎర్రటి చారలు చూసే ఉంటారు. అందులో ఉన్నవి గార్నెట్ రేణువులే! మన కొండల ఖోండలైట్ రాయి అరిగి వచ్చినవి. చిన్నప్పుడు జేబు నిండా తెచ్చి అమ్మ చేత తిట్లు తిన్నాను. ఉంగరానికి మాత్రం పనికిరావు, మరీ నలుసులు.