మస్తావా వండబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఉజ్బెకిస్తాన్‌లోని సమర్ఖండ్‌లో చలి ముదిరిందనీ, గదిలోనే మస్తావా అనే అక్కడి మాంసం, బియ్యం పులుసు వండుకోవాలని ఉందనీ రాశావు. మేము ఆ దేశంలోనే తాష్కెంట్‌లో కాపురమున్న రోజుల్లో పక్కింటి పెద్దావిడ దగ్గర నేర్చుకున్న వంట అది. ఆవిడ చేతిలో చూసినట్లే రాస్తున్నాను.

నలుగురికి అరకిలో గొర్రె మాంసం, రెండేసి ఉల్లిపాయలు, క్యారెట్లు, టమాటాలు, ఒక్కొక్క షల్గమ్ (టర్నిప్ దుంప), బంగాళాదుంప, 150 గ్రాముల పొట్టి గింజ బియ్యం, రెండు లీటర్ల నీళ్లు సరిపోతాయి. అక్కడి సియాబ్ బజారులో మాంసాన్ని గోష్త్, ఉల్లిని పియోజ్, షల్గమ్‌ను షొల్గోమ్, జీలకర్రను జిరా అని అడుగు. హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగిన నీకు ఆ మాటలు కొత్తగా తోచవు.

మాంసాన్ని బొటనవేలి గోరంత ముక్కలుగా కోసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో బాగా కాగిన నూనెలో వేయించు. మొదట ముక్కలు నీరు వదిలి బుసబుసమంటాయి. ఆ నీరంతా ఇగిరి, చప్పుడు చిటపటగా మారి, అంచులు ఎర్రబడే వరకు ఉల్లిపాయ వేయవద్దు. పులుసుకు రంగూ రుచీ వచ్చేది అక్కడే కనుక ఆ పది నిమిషాలూ పొయ్యి దగ్గర నుంచి కదలకు. తరువాత ఉల్లిపాయ, క్యారెట్, చివరగా టమాటా వేసి, నూనె పైకి తేలాక నీళ్లు పోసి, సన్నని సెగ మీద మాంసం మెత్తబడే దాకా సుమారు గంటసేపు ఉడకనివ్వాలి. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా వేయాలనిపిస్తుంది. వేశావంటే మాంసపు రుచి, క్యారెట్ తీపి రెండూ అణగిపోతాయి. నలిపిన జీలకర్ర, ఉప్పు, మిరియాలు చాలు.

కడిగిన బియ్యాన్ని, షల్గమ్, బంగాళాదుంప ముక్కలతో పాటు, వడ్డనకు పాతిక నిమిషాల ముందు మాత్రమే వేయాలి. ఒకసారి నేను నీళ్లు పోయగానే బియ్యం కూడా వేసేశాను; చుట్టాలు వచ్చే వేళకు గిన్నెలో జావ మిగిలింది. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

అక్కడ కతిక్ అనే చిక్కటి పుల్లని పెరుగును మరిగే గిన్నెలో కలపకు, విరిగిపోతుంది. కోసా అనే లోతు గిన్నెలో వేడివేడిగా పోశాక ఒక చెంచా పెరుగు, తరిగిన కొత్తిమీర పైన వేసుకుని నాన్‌తో తిను. మిగిలినది మర్నాటికి బియ్యం పీల్చుకుని గట్టిపడుతుంది. వేడినీళ్లు పోసి, ఉప్పు చూసుకుని, ఒక్క పొంగు రానిస్తే చాలు.

ఇట్లు,
మీ అత్తయ్య