దేశానికి 400 మంది ఎందుకు చాలరు
మూడు దేశాల ప్రాథమిక వైద్య కేంద్రాల్లో రక్తపోటు సర్వేకి దేశానికి 400 మంది సరిపోతారా అని అడిగారు. సరిపోరు. అది జనాభాలోంచి ఒక్కొక్కరినీ విడిగా లాటరీ తీసినప్పటి లెక్క. మీరు ముందు కేంద్రాన్ని ఎంచుకుని, అక్కడ 20 మందిని తీసుకుంటున్నారు. అదే నర్సు, అదే బీపీ మిషను, ఇరుగుపొరుగు మనుషులు. రీడింగులు కొంత ఒకేలా వస్తాయి. ఆ పోలిక ఎంతో చెప్పే అంకె, అంటే ఐసీసీ (ఇంట్రా-క్లస్టర్ కోరిలేషన్), 0.05 అనుకుంటే, నమూనాను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే గుణకం 1 + (20 − 1) × 0.05 = 1.95. దాంతో 400ని గుణిస్తే 780 మంది, 39 కేంద్రాలు.

కేంద్రానికి 40 మందిని తీసుకుని ఖర్చు తగ్గిద్దామనిపిస్తుంది. అప్పుడు గుణకం 2.95కి ఎక్కుతుంది: 1,180 మంది, 30 కేంద్రాలు. తొమ్మిది కేంద్రాలు తగ్గించడానికి 400 మంది అదనం, గిట్టుబాటు కాని బేరం!

ఐసీసీ అన్ని దేశాల్లో ఒకటే ఉండదు, విడివిడిగా లెక్కేయండి. విశ్లేషణలో ఒక్కో కేంద్రాన్ని ఒక గుంపుగా, అంటే క్లస్టర్‌గా చూపకపోతే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అంచనా అటూ ఇటూ ఎంత మారవచ్చో చూపే పరిధి) ఉండాల్సినదానికంటే ఇరుకుగా వస్తుంది.