మీరడిగారు – నేను చెప్తున్నా: పొయ్యిల ఫ్యాక్టరీ, గాజు కప్పు మేడలు

ప్రశ్న: కార్మికులే యజమానులై ఫ్యాక్టరీనీ, చుట్టూ ఉన్న కాలనీనీ నడుపుకున్న చోటు నిజంగా ఎక్కడైనా ఉందా? మావారు ‘అవన్నీ పుస్తకాల్లో కబుర్లు’ అని కొట్టిపారేస్తున్నారు. – ఓ పాఠకురాలు, మందమర్రి

జవాబు: ఉందమ్మా, మీవారికి ఈ పేజీ చూపించండి. ఉత్తర ఫ్రాన్సులో గ్వీజ్ అనే చిన్న ఊరు. అక్కడ పోత ఇనుముతో పొయ్యిలు, ఇల్లు వెచ్చబెట్టుకునే స్టవ్వులు చేసే ఫ్యాక్టరీ. పెట్టినాయన ఆండ్రే గొదాన్. 1817లో ఓ తాళాలపనివాడి ఇంట పుట్టాడు. తనూ ఆ పనే నేర్చుకుని, కుర్రతనంలో ఊరూరా తిరిగి పని చేస్తూ కూలీల బతుకులు చూశాడు. తర్వాత సొంత వ్యాపారం కలిసొచ్చి బాగా సంపాదించాడు. ఆస్తిలో దాదాపు మూడో వంతు, అమెరికాలో టెక్సాస్‌లో పెట్టిన ఓ ఆదర్శ కాలనీకి పోశాడు. అది కొన్నేళ్లకే మునిగింది. అంత దెబ్బ తిన్నాక ఎవరైనా ఆదర్శాలకో దండం పెడతారు. ఈయన మాత్రం 1859లో తన ఫ్యాక్టరీ పక్కనే, తన కళ్లముందే మేడలు కట్టించడం మొదలుపెట్టాడు. వాటి పేరు ఫామిలిస్తేర్.

నేను పెరిగింది ఓ మిల్లు క్వార్టర్సులో. మేనేజర్ బంగళాకి రోజంతా నీళ్లు, మా లైన్లకి పొద్దున కాసేపు. అందుకే గొదాన్ గురించి చదివినప్పుడు నా కళ్లు ముందు కుళాయిల మీదే పడ్డాయి. ప్రతి అంతస్తులోనూ నీళ్లు, చెత్త కిందికి జారవిడిచే గొట్టాలు. మేడ మధ్యలో పెద్ద మండువా, దానికి గాజు కప్పు. వేసవిలో నేల కింది సొరంగాల గుండా చల్లగాలి లోపలికి వచ్చేది. వెలుతురు పైనుంచి వస్తుంది కాబట్టి మండువా వైపు కిటికీలు కింది అంతస్తులో పెద్దవిగా, పైకి వెళ్లేకొద్దీ చిన్నవిగా పెట్టించాడు. కింద ఉన్నవాడికి వెలుగు తగ్గకూడదని! ఇళ్లలో తడిబట్టలు ఆరేస్తే చెమ్మకి జబ్బులొస్తాయని విడిగా చాకిరేవు భవనం కట్టించాడు. అందులోనే ఈతకొలను, పిల్లలు మునిగిపోకుండా పైకీ కిందికీ జరిపే చెక్క నేలతో సహా. ఇంకా మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివే బడి, పసిపిల్లల్ని చూసుకునే చోటు, సరుకుల దుకాణాలు, నాటకశాల. డబ్బున్నవాళ్లకి దొరికే సుఖాలన్నీ పనివాళ్లకి ఉమ్మడిగా అమరాలన్నది ఆయన పట్టు.

ఇంతవరకూ అయితే మంచి దొర కథే. అసలు సంగతి 1880లో జరిగింది. ఫ్యాక్టరీనీ మేడల్నీ కలిపి సహకార సంఘం చేశాడు. జీతాలు, జబ్బులకీ ముసలితనానికీ పెట్టిన నిధులు, పెట్టుబడి మీద వడ్డీ పోగా మిగిలిన లాభంలో పనివాళ్ల వాటాని చేతికివ్వకుండా వాళ్ల పేరనే వాటా పత్రాలుగా రాసేవారు. ఆ సొమ్ముతో గొదాన్ పెట్టుబడి కొంచెం కొంచెంగా తీరిపోయింది. ఆయన 1888లో పోయాడు. 1894 నాటికి ఫ్యాక్టరీ పూర్తిగా పనివాళ్లదైంది. ఆ తర్వాత పాత పత్రాలకి డబ్బు చెల్లించేసి, కొత్తవి అప్పుడు పని చేస్తున్నవాళ్లకి ఇస్తూ పోయారు. రిటైరైనవాళ్ల దగ్గరో బయటివాళ్ల దగ్గరో వాటా ఇరుక్కుపోకుండా ఇది భలే ఏర్పాటు. నన్నడిగితే గాజు కప్పు కంటే ఇదే గొప్ప పనితనం.

ఈ సంఘం 1968 దాకా నడిచింది. అంటే 88 ఏళ్లు. ఇక మీవారు ‘మరెందుకు పోయింది?’ అంటారు. బయటి పోటీ ఒక కారణం. నాకు పెద్దగా కనిపించేది మాత్రం లోపలి మెట్లు. పూర్తి సభ్యుడు కావాలంటే అయిదేళ్ల సర్వీసుతో పాటు ఆ మేడల్లోనే కాపురం ఉండాలి. లాభంలో అతనికి రెండు వంతులొస్తే, కింది మెట్టువాడికి ఒకటే. ఇళ్లేమో సుమారు 500, పనివాళ్లు అంతకు కొన్ని రెట్లు. ఇల్లు దొరకనివాడు పక్కనే నిలబడి అదే కొలిమి దగ్గర చెమటోడ్చినా ఎప్పటికీ పూర్తి సభ్యుడు కాలేడు. పోనుపోను సభ్యత్వం కొన్ని కుటుంబాల సొత్తయి కూర్చుంది. ఈ చిక్కు గొదాన్ రాసిన నియమాల్లోనే ఉంది, పాపం తర్వాతివాళ్లనే తిట్టి లాభం లేదు.

ప్రశ్న: అందరి తలుపులూ ఒకే మండువాలోకి తెరుచుకుంటే ప్రైవసీ సంగతేంటి సార్? – డిగ్రీ విద్యార్థి, ఏలూరు

జవాబు: తక్కువే బాబూ. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరు తాగి వచ్చారో అందరికీ తెలిసేది. అది సిపాయిల బారకాసులా ఉందని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. పోలీసు అక్కర్లేని క్రమశిక్షణ అదే, టెన్షన్ కూడా అదే. అయితే ఒకే గదిలో ఎనిమిదిమంది పడుకునే పేటల నుంచి వచ్చినవాళ్లకి, తలుపు వేసుకుంటే తమదైన ఇల్లు ఉండటం చిన్న విషయం కాదు. ఇప్పటికీ అక్కడ జనం కాపురాలున్నారు. కొంత భాగం మ్యూజియం.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటిది? – ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: దగ్గరగా వచ్చేది మహారాష్ట్రలోని కిర్లోస్కర్‌వాడి. ఔంధ్ సంస్థానాధీశుడు ఇచ్చిన బీడు భూమిలో 1910లో లక్ష్మణరావు కిర్లోస్కర్ ఇనుప నాగళ్ల ఫ్యాక్టరీ, దాంతో పాటు పనివాళ్ల ఊరూ కట్టాడు. మంచి ఊరే. కానీ యాజమాన్యం కంపెనీదే, పనివాళ్లది కాలేదు. కాబట్టి మందమర్రి అమ్మగారి ప్రశ్నకి ఇది జవాబు కాదు.