మసలబెడితే ఫ్లోరైడ్ పోతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నీళ్ల గురించే ఉన్నాయి కాబట్టి మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. నల్లా నీళ్లు వస్తాయి కాని, పైపు పగిలినా మోటరు కాలినా రెండు మూడు రోజులు బోరు నీళ్లే గతి. మా అత్తమ్మ ఆ నీళ్లను బాగా మసలబెట్టి, చల్లారినాక పిల్లలకు పోస్తుంది. మసలబెడితే ఫ్లోరైడ్ చచ్చిపోతుందంటుంది. నాకు నమ్మకం కుదరట్లేదు. నీళ్లేమో తేటగా ఉంటాయి, తాగితే తియ్యగా కూడా ఉంటాయి. ఏం చేయమంటారు?

జవాబు: పోదమ్మా. పోకపోగా ఇంకా చిక్కబడుతుంది. మీ అత్తమ్మను తప్పు పట్టడానికి లేదు, కలరా, టైఫాయిడ్ తెచ్చే క్రిములు మసలబెడితే నిజంగానే చస్తాయి, ఆ తరం వాళ్లు కళ్లారా చూసి నేర్చుకున్న అలవాటు అది. కాని ఫ్లోరైడ్ క్రిమి కాదు, చావడానికి దానికి ప్రాణం లేదు. ఉప్పు లాంటిది. చారు పొయ్యి మీద పెట్టి మరిచిపోతే ఏమవుతుంది? నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పంతా గిన్నెలోనే ఉండిపోయి నోట్లో పెట్టుకోలేనట్టు అవుతుంది. ఇదీ అంతే. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు 10 లీటర్లు పెడితే, అవి మసలి మసలి 8 లీటర్లయ్యాయనుకోండి, మొదట ఉన్న 20 మిల్లీగ్రాములూ అందులోనే ఉంటాయి, అంటే ఇప్పుడు లీటరుకు 2.5. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం.

రాయిలో ఉన్న ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎట్లా వచ్చిందని మీరు అడగలేదు కాని అది తెలిస్తేనే మిగతాదంతా అర్థమవుతుంది. నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఉంటాయని బడిలో చదివాం కదా, అవి మూడూ ఒకే గీత మీద ఉండవు, 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది కాబట్టి ఆ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఏర్పడుతుంది. ఈ రెండు కొసలతో నీరు ఉప్పులను రెండు దిక్కులా పట్టి విడదీసి తనలో కలుపుకుంటుంది. మన రక్తంలో సోడియం, పొటాషియం, చక్కెర తిరుగుతున్నాయంటే, చెట్టు వేరు నేలలో ఉన్న సత్తువను పీల్చుకుంటోందంటే ఈ గుణం వల్లే. కాని మనకు ఏది మంచిది, ఏది చెడ్డది అని నీళ్లు చూడవు, ఏది తగిలితే అది కలుపుకుంటాయి. నల్లగొండ కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంది. ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లే మీ బోరులో పైకొస్తున్నాయి. నల్లాలో వచ్చే కృష్ణ నీళ్లకు ఆ రాయితో అంత సహవాసం లేదు, అందుకే అవి మేలు.

తియ్యగా ఉన్నాయని మాత్రం మోసపోవద్దు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దింపేస్తుంది, అది నీళ్లలో అంత సులువుగా కరగదు. కాల్షియం తక్కువగా ఉండి, నాలుకకు మెత్తగా తగిలి, సబ్బు బాగా నురగొచ్చే నీళ్లలోనే చాలాసార్లు ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది. కంటికి కనపడదు, వాసన రాదు.

ఒంట్లోకి పోయాక ఏం చేస్తుందంటే, మన ఎముకలూ పళ్లూ కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్ కలిసిన ఖనిజంతో కట్టుకున్నవి. ఫ్లోరైడ్‌దీ హైడ్రాక్సైడ్‌దీ ఇంచుమించు ఒకే సైజు, ఒకే ఆవేశం. అందుకని ఒకటి లేచిన చోట రెండోది కూర్చుంటుంది. కొద్దిగా కూర్చుంటే పంటి పైపొర పులుపుకు తట్టుకుంటుంది, పేస్టుల్లో వేసేది అందుకే. అతిగా కూర్చుంటే పళ్ల మీద గార చారలు, తర్వాత కీళ్లు పట్టేయడం, వెన్ను వంగిపోవడం. పక్కనున్న ఎద్దును పిలవాలన్నా మెడ తిప్పలేక మనిషంతా తిరగాల్సి వచ్చే రైతులను నేను దగ్గరగా చూశాను. పిల్లలకు శాశ్వత దంతాలు చిగుళ్ల లోపలే తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల వయసు వరకు, కాబట్టి మీ ఇంట్లో మంచినీళ్లు కొన్నే ఉంటే ముందు చిన్నపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు తీయండి. నల్లా వచ్చిన రోజే రెండు మూడు రోజులకు సరిపడా తాగే నీళ్లు, వంట నీళ్లు మూతపెట్టిన బిందెల్లో పట్టుకోండి. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు, భయం లేదు. క్యాండిల్ ఫిల్టర్, యూవీ మిషను ఫ్లోరైడ్‌ను ఆపవు, ఆర్‌వో ఆపుతుంది. పిల్లలకు టీ అలవాటు చేయకండి, టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది. పాలు, పెరుగు, రాగులు పెట్టండి, కాల్షియం అందితే కొంత మేలు.

మన జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నల్గొండ టెక్నిక్ అంటారు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసింది, టాంజానియా, ఇథియోపియాల్లో కూడా వాడి చూశారు. ఒకసారి బకెట్‌లో చేసి చూపిస్తే పక్కనే కూర్చుని చూశాను. సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక వేసి కర్రతో మెల్లగా తిప్పుతుంటే కాసేపటికి తేట నీళ్లలో విరిగిన పాలలాగా తెల్లటి తుంపులు పుట్టాయి, పెద్దవయ్యాయి, ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఫ్లోరైడ్ ఆ తుంపులను అంటుకుని అడుగుకు పోతుంది, పైన తేరిన నీళ్లు వంపుకోవాలి. కాని పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారగుణం ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. పరీక్ష చేయించకుండా ఇంట్లో అందాజాగా వేయకండి, పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. బోరు నీళ్లతో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోంది. హీటర్ రాడ్‌కు తెల్లగా పెచ్చు కట్టింది.

జవాబు: మీ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, దీన్నే కాఠిన్యం అంటారు. పప్పు గింజను పట్టి ఉంచే జిగురు పదార్థం పెక్టిన్, దానికి కాల్షియం తోడైతే అది గట్టిపడి కూర్చుంటుంది, ఎంత ఉడికినా విడదు. నల్లా నీళ్లతో వండితే సమస్యే లేదు, లేకపోతే చిటికెడు వంట సోడా వేయండి, చింతపండు రసం మాత్రం పప్పు మెత్తబడ్డాకే పోయండి, పులుపు ముందే పడితే ఇంకా బిర్రబిగుస్తుంది. రాడ్ మీది పెచ్చు చాలావరకు కాల్షియం కార్బొనేట్, ఇంచుమించు సున్నపురాయే. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెడితే బుడగలొచ్చి ఊడిపోతుంది (ముందు ప్లగ్గు తీసి, రాడ్ చల్లారనివ్వండి). పై ఉత్తరం చదివినవాళ్లు ఒకటి గమనించండి, మసలబెడితే ఈ కాఠిన్యంలో కొంత పెచ్చుగా దిగిపోతుంది గాని ఫ్లోరైడ్ దిగదు. అడుగున తెల్ల పొర చూసి ఫ్లోరైడ్ పోయిందని చాలామంది అనుకుంటున్నారు.

ప్రశ్న: నేను అచ్చంపేటలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నీళ్లు లేకుంటే జీవం లేదంటారు. నీళ్లే ఎందుకు సార్, ఇంకో ద్రవం ఎందుకు పనికిరాదు?

జవాబు: మంచి ప్రశ్న బిడ్డా. హైడ్రోజన్ సల్ఫైడ్ అని కుళ్లిన గుడ్డు వాసన కొట్టే వాయువు ఉంది. దాని అణువు కూడా నీటి అణువులాగే వంగి ఉంటుంది, నీటి కంటే బరువైనది. అది మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. నీటి అణువు ఇంకా తేలిక, లెక్క ప్రకారం ఇంకా ముందే ఆవిరైపోవాలి, కాని 100 డిగ్రీల దాకా ఆగుతుంది. పైన చెప్పిన ఆవేశాల వల్ల ఒక అణువు హైడ్రోజన్ పక్క అణువు ఆక్సిజన్‌ను పట్టుకుని ఉంటుంది, ఆ పట్టే హైడ్రోజన్ బంధం. అది లేకపోతే మన పాలమూరు ఎండకు చెరువులే కాదు, నీ ఒంట్లో రక్తం కూడా ద్రవంగా ఉండేది కాదు. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1 క్యాలరీ చాలు, అదే గ్రాము చెమటగా ఆరిపోవాలంటే దాదాపు 580 క్యాలరీలు కావాలి, ఆ వేడినంతా నీ ఒంటి నుంచే తీసుకుపోతుంది. మే నెలలో పొలం పని చేసే మీ అమ్మానాన్నలను కాపాడేది ఆ చెమటే, ఇంట్లో రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ అందుకే. రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదానికి తడిగుడ్డ చుట్టి నీడలో గాలి తగిలేచోట పెట్టి గంట తర్వాత వేలు ముంచి చూడు. ఉక్కపోత రోజు ఒకసారి, పొడిగాలి రోజు ఒకసారి చేసి తేడా ఎందుకొచ్చిందో నాకు రాయి.

ఇంకోటి, నూనె నీళ్లలో కలవదు కదా. మన కణాల చుట్టూ ఉండే పొర నూనె జాతి పదార్థమే. నీళ్లు అన్నింటినీ కలుపుకుంటే ఆ పొరా కరిగిపోయేది, కణమే నిలిచేది కాదు.

ప్రశ్న: మా పొలం బోరులో ఫ్లోరైడ్ ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? (దేవరకొండ)

జవాబు: చూసి, రుచి చూసి చెప్పలేం, పరీక్షే చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో చేస్తారు. మోటరు వేసి పది నిమిషాలు నీళ్లు పోనిచ్చాక, అవే నీళ్లతో రెండుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో నింపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పొచ్చు. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి చేయించండి, ఒకే బోరులో అంకె మారుతుంటుంది. సీసా మీద తేదీ, బోరు లోతు రాసి పంపండి.