పొలంలో గట్లు, నీటి కుంటకి ప్రభుత్వం డబ్బులిస్తుందా, ఎవర్ని అడగాలి?

ఇస్తుంది, కానీ చాలాసార్లు మీ ఒక్కరి పొలానికని కాదు, ఊరి వాలు మొత్తానికి కలిపి వాటర్‌షెడ్ ప్రాజెక్టుగా వస్తుంది. 2021లో మొదలైన కొత్త దశలో మైదాన ప్రాంతాలకి హెక్టారుకి 22,000 రూపాయల వరకు, అంతకుముందు 12,000 ఉండేది, ఇందులో ప్రతి రూపాయికి కేంద్రం 60 పైసలు వేస్తే రాష్ట్రం 40 వేయాలి, మన రెండు రాష్ట్రాలకీ ఇదే లెక్క. రాష్ట్రం వాటా లేటైతే పని సగంలో ఆగుద్ది, వానాకాలం మాత్రం ఆగదు కదా, నాకు బాధనిపించేది అదే.

ఏపీలో అయితే జిల్లాలో డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ) ఆఫీసు చూస్తుంది, ఊళ్ళో గ్రామసభ పెట్టి వాటర్‌షెడ్ కమిటీ వేస్తారు. ఆ సభకి తప్పకుండా వెళ్ళండి, మీ సర్వే నంబరు ప్లాన్‌లో రాయించుకోవాల్సింది అక్కడే.

పని మిట్ట నుంచి పల్లానికి రావాలి. పైన కందకాలు తవ్వకుండా కింద కుంట తవ్వితే రెండు వానలకే ఒండ్రుతో పూడిపోద్ది. అనంతపురం ఎర్రనేలల్లో గట్టి వాన పడ్డాక కంది మొదళ్ళు చూడండి, వేర్లు బయటికి తేలితే పైమట్టి పోయినట్టే.