అబ్బాయి చేసిన ‘గింప్ లేహ్యము’ ప్రకటనలో పనితనం ఉందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అబ్బాయి ఇంటర్ ఎం.పి.సి. రెండవ సంవత్సరం చదువుతున్నాడు. బొమ్మలు దిద్దుకొనే గింప్ అనే ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా తీసుకొని పంచుకోగల) సాఫ్ట్‌వేర్‌తో, ఆ సాఫ్ట్‌వేర్‌కే పాతకాలపు లేహ్యం ప్రకటనను అనుకరిస్తూ ఒక హాస్య ప్రకటన తయారుచేశాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, ప్రకటనల రంగంలోకి పోతానంటున్నాడు. దాని ప్రతి పంపుతున్నాను. ఇది పనితనమా, కాలక్షేపమా?

జవాబు: మీరు పంపిన ప్రతిని కాగితం మీద అచ్చు తీయించి, రెండు రోజులు బల్ల మీద ఉంచుకొని చూశాను. ‘సీసా వెల శూన్యము. పంచిపెట్టిన కొలది పెరుగును’ అన్న వాక్యం దగ్గర నాకూ నవ్వు వచ్చింది. ఎంతమంది నకలు తీసుకొన్నా తరగకపోవడమే ఈ రకం సాఫ్ట్‌వేర్ స్వభావం కాబట్టి, ఆ మాట హాస్యమూ అయింది, నిజమూ అయింది. అటువంటి వాక్యం పదిహేడేళ్ళ కుర్రవాడికి తట్టడం చిన్న విషయం కాదు.

అయితే దాని కిందనే ‘నేడే డౌన్‌లోడ్ చేసుకోండి’ అని ఉంది. పై వాక్యం తాతగారి గొంతుతో మాట్లాడుతుండగా కింది వాక్యం నిన్నటి టీవీ ప్రకటనలాగా ఉంది; అక్కడ ‘దింపుకొనుడు’ అనో, ‘వలయువారు దింపుకొనవచ్చును’ అనో ఉండాలి. బొమ్మ సంగతీ అంతే. కాగితమంతటా టీ నీళ్ళ రంగు పులిమితే పాతదనం రాదు. సీసం అక్షరాలు కూర్చి, బొమ్మకు లోహపు బ్లాకు చేయించి, చాలావరకు ఒక్క నల్ల సిరాతోనే అచ్చువేసిన కాలమది. ఒత్తులు తరచు అక్షరానికి కొంచెం ఎడంగా పడేవి, సిరా ఒకచోట చిక్కగా, ఒకచోట పలుచగా అంటేది. మీ ఊళ్ళో పెళ్ళిపత్రికలు అచ్చువేసిన పాత ప్రెస్సువారు ఎవరైనా ఉంటే అబ్బాయిని ఒక పూట అక్కడ కూర్చోబెట్టండి. కడపకు వచ్చినప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో పాత పుస్తకాల వెనుక అట్టలు చూడమనండి.

ఇంతకంటె పెద్ద లోపం ఒకటి ఉంది. ప్రకటన అడుగున ‘ఎన్నడును చెడిపోదు, పూర్తి గ్యారంటీ’ అని వేశాడు. గింప్ జి.పి.ఎల్. అనే లైసెన్సు కింద వస్తుంది. ఆ లైసెన్సులోనే ఎటువంటి గ్యారంటీ లేదని స్పష్టంగా వ్రాసి ఉంటుంది. లేహ్యం అమ్మినవాడు గ్యారంటీ అరచి చెప్పేవాడు, మందు కలిపే యోగం మాత్రం రహస్యంగా దాచుకొనేవాడు. ఈ సాఫ్ట్‌వేర్‌ది సరిగ్గా తలకిందులైన పద్ధతి: గ్యారంటీ ఇవ్వదు, యోగమంతా, అంటే సోర్స్ కోడ్ అనే మూల ప్రోగ్రాము అంతా, ఎవరైనా చూచి మార్చుకొనేటట్టు బయట పెడుతుంది. అసలు హాస్యం ఇక్కడుంది. అబ్బాయి దాని పక్కనుంచే నడిచి వెళ్ళిపోయాడు. ‘గ్యారంటీ ఇవ్వబడదు. మూలికల పట్టీ సీసా మీదనే గలదు’ అని ఉంటే ఆ ప్రకటన సాఫ్ట్‌వేర్ తెలిసినవారినీ, తెలియనివారినీ ఒకేసారి నవ్వించి ఉండేది. పాత ప్రకటనను అనుకరించడానికి కన్ను చాలు. ఏ సరుకుకు ప్రకటన వ్రాస్తున్నామో దాన్ని చదివి అర్థం చేసుకోవడమే ఈ వృత్తిలో జీతం వచ్చే పని.

ఇంకొక మాట. సీసా లేబులు ఇప్పటికీ బజారులో అమ్ముడవుతున్న ఒక మందు లేబులును పోలి ఉంది. ఎంత పాతదైనా వాడుకలో ఉన్న గుర్తుకు ట్రేడ్‌మార్కు రక్షణ ఉంటుంది. చిత్రకారుడి బొమ్మకైతే మన దేశంలో ఆయన మరణానంతరం 60 ఏళ్ళ వరకు కాపీరైటు ఉంటుంది. లేబులు సొంతంగా గీయమనండి. అక్షరాలకు రామరాజ, శ్రీకృష్ణదేవరాయ వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి.

చదువు విషయానికి వస్తే, కడపలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఏ. అనే లలితకళల డిగ్రీ ఉంది; ప్రవేశం ఏడీసెట్ అనే పరీక్ష ద్వారా. ఐ.ఐ.టి.లలో బి.డెస్. అనే డిజైన్ డిగ్రీ కోసం యూసీడ్ పరీక్ష ఏటా జనవరిలో జరుగుతుంది, ఏ గ్రూపు ఇంటర్ విద్యార్థి అయినా వ్రాయవచ్చు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష మానిపించకండి, దానికీ దీనికీ పేచీ లేదు. గింప్ కూడా 1990లలో అమెరికాలోని బర్క్‌లీలో ఇద్దరు కంప్యూటర్ విద్యార్థులు చదువుకొంటూ మొదలుపెట్టినదే. 1996లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుర్తైన పెంగ్విన్ బొమ్మను గీసింది దానితోనే.

పబ్లిక్ పరీక్షలు కాగానే అబ్బాయిని ఇదే ప్రకటన మళ్ళీ మొదటినుంచి, ఒక్క నల్ల రంగుతో, ముందుగా లైసెన్సు చదివి, తయారుచేయమనండి. పాతదీ కొత్తదీ రెండూ పంపండి. రెండవదానికి విసుక్కొని వదిలేస్తే అదీ దాచకుండా వ్రాయండి. అప్పుడు ఏ పరీక్షకు ఫీజు కట్టాలో మాట్లాడుకుందాం.